పేర్ల పట్టీలో లేని ఆపా

మా చిన్నమ్మ కొడుకు రమేశ్ ఒమాన్‌లోని ఇబ్రిలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీలో సూపర్‌వైజర్. పోయిన నెల ఒక శుక్రవారం మేము సోహార్ నుంచి వాడిని చూడటానికి వెళ్లాం. భోజనాలయ్యాక వాడు నన్నూ మా ఆయన్నూ తన సైట్ చూపిస్తానని తీసుకెళ్లాడు. సెలవు రోజు కావడంతో సైట్‌లో ఎవరూ లేరు. తాగే నీళ్ల డ్రమ్ములు పెట్టిన షెడ్డు పక్కన ఒక ఇనుప స్తంభం ఉంది. దానికి బోర్లించిన తెల్ల ప్లాస్టిక్ సాసర్ల దొంతర, దాని కింద మూడు బల్బులు, పచ్చ, పసుపు, ఎరుపు. పసుపుది వెలుగుతోంది.

నేను అక్కడే ఆగిపోయాను.

"ఇది ఎండ మిషిన్ అక్కా," అన్నాడు రమేశ్. "ఎండ ఒక్కటే కాదు, గాలిల తేమ కూడ చూస్తది. ఎర్రది వెలిగిందంటే పని ఆపి అందర్నీ నీడకు పంపిస్తం."

వాళ్ల క్యాంపు ఎలక్ట్రీషియన్ చేశాడట. నిర్మల్ వైపు మనిషి. ఎవరో హిందీలోకి మార్చిన పుస్తకం నెట్‌లో దొరికితే ప్రింట్ తీసుకుని, రెండు వారాల్లో మూడు మిషిన్లు చేశాడట. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టి షెడ్డులో మేకుకి వేలాడదీసి ఉంది. రమేశ్ దాన్ని తీసి చివరి పేజీ తిప్పి, నా పేరూ నా కూతురు శ్రావ్య పేరూ చూపించాడు. ఇది మా అక్క చేసిందే అని సైట్‌లో అందరికీ చెప్పుకున్నాడట. తర్వాత ఇంకో మాట అడిగాడు. వైర్లు కలపడం ఎక్కడైనా నేర్చుకోవచ్చు గానీ, ఇందులో 'మా తప్పులు' అని ఒక పేజీ ఉంది చూడు, అదే తనకి పది రోజుల పని తప్పించిందని ఎలక్ట్రీషియన్ అన్నాడట. ఆ పేజీ రాసింది ఎవరు?

"పిల్లలు," అన్నాను.

అబద్ధం. ఆ పేజీ రాయించింది ఆపా. సాసర్ల ఆలోచన ఆపాది. ఆ పుస్తకం ఇబ్రి దాకా, హిందీ దాకా నడిచి రావడానికి కారణం కూడా ఆపానే. ఇన్నేళ్ల తర్వాత, ఎవరూ లేని సైట్‌లో, మా తమ్ముడి ముందు కూడా ఆ మాట నా నోటికి రాలేదు.

సోహార్‌లో నేను ఫిజిక్స్ చెప్పే స్కూల్లో ఆమె ల్యాబ్ అసిస్టెంట్. ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివింది. భర్తకి పాత బజారులో ఏసీలు, ఫ్రిజ్‌లు బాగుచేసే షాపుండేది. పిల్లలు ఆమెను ఆపా అనేవాళ్లు, అంటే అక్క. పిల్లల్ని చూసి టీచర్లు, టీచర్లను చూసి ప్రిన్సిపాల్, అందరూ అలాగే పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. ఆమె మాత్రం నన్ను ఎప్పుడూ మేడమ్ అనే అనేది.

పొట్టి మనిషి. ల్యాబ్ కోటు చేతులు రెండు మడతలు పెడితే గానీ వేళ్లు బయటికి కనబడేవి కావు. సోల్డరింగ్ పెట్టే ముందు చున్నీ చివర్లు మెడ వెనక్కి తీసి గట్టిగా ముడి వేసుకునేది. ఆ ముడి పడిందంటే అసలు పని మొదలైందని పిల్లలకి తెలుసు. కబుర్లు ఆపి బల్ల చుట్టూ చేరేవాళ్లు. నేను చాక్‌పీసు పట్టుకుని పది నిమిషాలు నిలబడినా రాని నిశ్శబ్దం ఆమె చున్నీ ముడికి వచ్చేది.

ఏదైనా సర్క్యూట్ బోర్డు చెడిపోతే ముందు వాసన చూసేది. మల్లెపువ్వు వాసన చూసినంత శ్రద్ధగా ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది కెపాసిటర్ పోయిన వాసన, ఇది వైరు తొడుగు కాలిన వాసన అని చెప్పేది. మీటరు పెట్టి చూస్తే చాలాసార్లు ఆమె చెప్పినదే. ఒక మధ్యాహ్నం ల్యాబ్‌లో ఎవరూ లేనప్పుడు నేను చెడిపోయిన బోర్డులన్నీ ముందేసుకుని ఒక్కొక్కటే వాసన చూశాను. అన్నీ ఒకే వాసన. ఎమ్మెస్సీ చదివిన నా ముక్కుకి కాలిన వాసన తప్ప ఇంకేం తెలియలేదు. ఎవరైనా చూశారేమోనని తలుపు వైపు చూసి, బోర్డులు మళ్లీ డబ్బాలో వేశాను.

మరలు, నట్లు, చిన్న చిన్న భాగాలన్నీ ఒమానీ హల్వా ఖాళీ డబ్బాల్లో పెట్టేది. ఎవరేమడిగినా "నాకు తెలుసు" అనేది కాదు. "చూద్దాం పాండి," అని లేచేది. ఆ మాట పిల్లలందరికీ అంటుకుంది. మలయాళీ పిల్లలు కూడా "చూద్దాం పాండి" అనేవాళ్లు.

ఒకసారి స్టాఫ్ రూమ్‌లో నా సర్వపిండి అందరికీ నచ్చింది. లెక్కల టీచరు ఎలా చెయ్యాలో రాసిమ్మంటే రాసిచ్చాను. పిండి వేడినీళ్లతో కలపాలన్న సంగతి మాత్రం రాయలేదు. ఆమె చేస్తే పెంకులా వచ్చిందట, నీ చేతి మహిమ వేరు అంది. నాకు లోపల హాయిగా అనిపించింది. మరుసటి వారం ఆపా సొరకాయ ఖీరు తెచ్చింది. అడక్కముందే కాగితం మీద రాసి గోడకి అంటించింది. కింద "నేను చెడగొట్టిన విధాలు" అని ఇంకో నాలుగు లైన్లు రాసింది. సొరకాయ తురుము పిండకుండా వేసినాను, నీళ్లయింది. పాలు చల్లారక ముందే నిమ్మ పిండిన చెంచా పెట్టినాను, విరిగింది. ఇలా. అందరూ నవ్వుకుంటూ చదివారు. నాకు ఆ కాగితం చూస్తే కోపం వచ్చింది. ఇంటికి వెళ్లి దాని ప్రకారమే చేశాను. మొదటిసారికే కుదిరింది. అది ఇంకా కోపం తెప్పించింది.

ఇవన్నీ చిన్న మంటలు. పెద్దది నా కూతురు.

శ్రావ్య ఆ ఏడాది పదకొండో తరగతి. ఇంట్లో నేను ఏమడిగినా "ఊ", "లేదు", అంతే. ల్యాబ్ తలుపు బయటినుంచి వింటే మాత్రం అదే గొంతు గలగలలాడేది. నాకు తెలియని నవ్వొకటి నవ్వేది. మా ఇంట్లో ఎవరూ మాట్లాడని కడప యాసలో "అట్ల కాదు మా" అనేది. దాన్ని డాక్టర్ చదువు చదివించాలని నేను కోచింగ్‌లో చేర్పించాను. ఒకరోజు వరండాలో ఆపా నన్ను ఆపి, మెల్లగా చెప్పింది.

"పాపకు డాక్టర్ చదువు ఇష్టం లేదంట మేడమ్. మీకు చెప్పనీకి భయపడ్తాండాది. నేను చెప్పినానని అనొద్దండి."

థాంక్స్ అన్నాను. బాత్‌రూమ్‌లోకి వెళ్లి కొళాయి తిప్పి, ఊరికే చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను. కూతురికి డాక్టర్ చదువు వద్దన్నది నన్ను అంతగా బాధించలేదు. దాని మనసులో మాట నాకు ఇంకొకావిడ వచ్చి చెప్పాల్సి రావడం, ఆ ఇంకొకావిడ అది చెప్పేటప్పుడు కూడా దాని పక్షాన నిలబడటం, అది బాధించింది.

ఎండ మిషిన్ మొదలైంది ఆ సంవత్సరమే. శ్రావ్య క్లాసులో జోయెల్ అనే అబ్బాయి తండ్రి ఒక సైట్‌లో ఫోర్‌మన్. ఆయన ఎండదెబ్బకి పడిపోయి రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. తిరిగి స్కూలుకి వచ్చిన జోయెల్, ఎండ మనిషి ఒంటికి ఎంత ప్రమాదమో ముందే చెప్పే మిషిన్ చేద్దామన్నాడు. శ్రావ్య, జోయెల్, ఇంకో ఇద్దరు కలిశారు. పిల్లల ప్రాజెక్టుల పోటీ ఒకటి ఉంటే పేరు ఇచ్చాం. గైడ్ టీచర్ నేను. వేడితో పాటు తేమ ఎందుకు లెక్కలోకి తీసుకోవాలో బోర్డు మీద చెప్పింది నేనే. ఆ లెక్క ఇప్పటికీ నాదే అని చెప్పుకోగలను.

మొదట రేకు డబ్బాలో సెన్సర్ పెట్టి మేడ మీద ఉంచితే మధ్యాహ్నానికి యాభై ఎనిమిది డిగ్రీలు చూపించింది. సెన్సర్ పాడైంది, కొత్తది తెప్పిద్దాం అన్నాను. ఆపా డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది. కాలుతున్నది డబ్బానే గానీ గాలి కాదంది. మర్నాడు పూలకుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ సాసర్లు ఎనిమిది తెచ్చింది. ఒక్కొక్కదానికి మధ్యలో రంధ్రం చేసి, బోర్లించి, మధ్యమధ్య పాత పెన్నుల గొట్టాల ముక్కలు పెట్టి దొంతరగా బిగించింది. గాలి సందుల్లోంచి పోతుంది, ఎండ లోపలికి రాదు. మళ్లీ మేడ మీద పెడితే నీడలో ఉంచిన థర్మామీటరుతో దాదాపు సరిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. శ్రావ్య వెనకనుంచి వెళ్లి ఆపా నడుము చుట్టూ చేతులు వేసి, వీపు మీద తల ఆనించింది. నా కూతురు నన్నట్లా పట్టుకుని ఎన్నేళ్లయిందో లెక్కపెట్టబోయి మానేశాను.

మిషిన్ తయారయ్యాక పోటీ వాళ్ల ఫారంలో ఒక పేజీ దగ్గర ఆగిపోయాం. మీ ప్రాజెక్టును ఇతరులతో ఎలా పంచుకుంటారు, ఏ లైసెన్స్ కింద ఇస్తారు అని ఉంది. లైసెన్స్ అంటే నాకు అప్పటిదాకా డ్రైవింగ్ లైసెన్సే తెలుసు. పిల్లలు నెట్‌లో చదివి వచ్చి వివరించారు. మనం చేసినదాన్ని ఎవరు, ఏ షరతుల మీద వాడుకోవచ్చో ముందే రాసి పెట్టే కాగితం అది. ఏమీ రాయకపోతే ఎవరూ ముట్టుకోవడానికి లేదు. మా దగ్గర పంచుకోవాల్సినవి మూడున్నాయి. మిషిన్‌లో నడిచే ప్రోగ్రాం, కొలతలతో గీసిన బొమ్మలు, ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం. మూడింటికీ విడివిడిగా నిర్ణయించుకోవాలి. శ్రావ్య బోర్డు మీద మూడు గడులు గీసింది.

అప్పటికే ఒక కాంట్రాక్టరు స్కూలుకి కబురు చేశాడు. మిషిన్ తమ కంపెనీకి మాత్రమే ఇస్తామంటే వాడుకుంటారట, మెచ్చుకుంటూ స్కూలుకి ఉత్తరం రాస్తారట. నాకు అది నచ్చింది. ఆ ఉత్తరం ప్రిన్సిపాల్ బల్ల మీద ఎలా ఉంటుందో, అందులో నా పేరు ఎక్కడ ఉంటుందో అప్పుడే ఊహించుకున్నాను. వాళ్లకే ఇద్దాం అన్నాను.

ఆపా కంప్యూటర్‌లో ప్రోగ్రాం తెరిచి, అన్నిటికన్నా పైనున్న లైన్ల దగ్గర వేలు పెట్టి, ఇది చదువు అని శ్రావ్యతో అంది. సెన్సర్‌ని చదివే భాగం మేము రాసింది కాదు, ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి రాసి నెట్‌లో పెట్టింది. ఆయన షరతు ఆ పై లైన్లలోనే ఉంది. వాడుకోండి, మార్చుకోండి, అమ్ముకోండి, కానీ దీనితో మీరు చేసి పంచే ప్రోగ్రాంని మీరు కూడా ఇదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. శ్రావ్య చదవడం ఆపి నా వైపు చూసింది. ఒక్కరికే రాసివ్వడానికి మాకు హక్కు లేదు. ఆ ఫైలు నేను ఇరవైసార్లు తెరిచి ఉంటాను. ఆ పై లైన్లని ప్రతిసారీ చదవకుండా కిందికి తోసేశాను. పిల్లల ముందు నా చెవులు వేడెక్కాయి.

సరే, ప్రోగ్రాం అలాగే ఇద్దాం, బొమ్మలూ పుస్తకమూ మాత్రం మనవే కదా అన్నాను. వాటిని ఎవరూ అమ్ముకోకూడదని షరతు పెడదాం అన్నాను. పిల్లలకి అది న్యాయంగా తోచింది. మనం కష్టపడి చేస్తే వేరేవాడు లాభం చేసుకోవడమేంటి అన్నాడు జోయెల్. గెలిచానని అనుకున్నాను. అప్పుడు ఆపా మాట్లాడింది. ఆమె ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం నేను విన్నది అప్పుడే.

"సైట్‌లో పనిచేసేటోనికి సోల్డరింగ్ రాదు మేడమ్. వాడు యాడనో రిపేరు షాపుకు పోయి చేపిచ్చుకోవాల. ఆ షాపాయన ఊరికే చేస్తాడా? మా ఇంటాయనే చెయ్యడు. అమ్మొద్దని రాస్తే ఎవురూ చెయ్యరు. పుస్తకం కంప్యూటర్‌లో ఉంటాది, మనిషి ఎండలో ఉంటాడు."

జోయెల్ తల దించుకున్నాడు. వాళ్ల నాన్న గుర్తొచ్చి ఉంటాడు.

మరి ఎవడో మార్చేసి తన పేరు పెట్టుకుంటే ఏం చేస్తామని అడిగాను. దానికీ ఆమె దగ్గర జవాబుంది. చేసినవాళ్ల పేర్లు తీసెయ్యకూడదు. మార్చినవాడు ఏం మార్చాడో చెప్పాలి, అతను కూడా ఇట్లానే అందరికీ ఇవ్వాలి. ఈ మూడూ రాసి ఉన్న లైసెన్సులు ఉన్నాయి కదా, అవి పెడితే చాలంది. శ్రావ్య చేతులెత్తమంది. నలుగురూ ఎత్తారు. ఆపా ఎత్తలేదు, అది పిల్లల ప్రాజెక్టు అంది. నేనూ సరే అన్నాను.

పుస్తకంలో తప్పుల పేజీ వద్దన్నాను. జడ్జీలు మార్కులు తగ్గిస్తారని నా భయం. ఆపా ఒప్పుకోలేదు. తప్పు దాచిపెడితే ఇంకొకడు వచ్చి అదే గుంతలో పడతాడంది. రేకు డబ్బా సంగతి, వానకి తుప్పు పట్టిన మర సంగతి, బ్యాటరీ తిరగేసి పెట్టి కాల్చుకున్న బోర్డు సంగతి, అన్నీ పిల్లల చేత రాయించింది. నేను సెన్సర్ పాడైందని చెప్పిన సంగతి మాత్రం రాయించలేదు. అది నేను గమనించాను. గమనించి కూడా మెత్తబడలేదు.

చివరికి మిగిలింది పేర్ల పట్టీ. నేను టైపు చేస్తానని నేనే అడిగి తీసుకున్నాను.

బడి వదిలాక స్టాఫ్ రూమ్‌లో కూర్చున్నాను. నలుగురు పిల్లల పేర్లు కొట్టాను. కింద 'మార్గదర్శనం' అని నా పేరు, పక్కన నా డిగ్రీ. తర్వాత ఆపా. ఆమె పూర్తి పేరు నాకు తెలియదు. హాజరు పట్టీలో ఉంటుంది. అది నాలుగడుగుల దూరంలో ఇంకో బల్ల మీద ఉంది. లేచి వెళ్లాలి. నేను లేవలేదు. పేర్లు తీసెయ్యకూడదు అన్నదే ఈ లైసెన్స్‌లో మొదటి షరతు కదా, ఈ పట్టీ ఎక్కడికి పోతే అక్కడికి ఈ పేర్లే పోతాయి కదా అనుకున్నాను. ఆ ఆలోచన నాకు తీపిగా ఉండింది. ఫారంలో 'సహాయం చేసినవారు' అని ఒక గడి కూడా ఉంది. దాన్ని ఖాళీగా వదిలేశాను.

ఇంటికి వచ్చాక శ్రావ్య చూసింది. "అమ్మా, ఆపా పేరు లేదేంది?"

"ల్యాబ్ స్టాఫ్ పేర్లు పెట్టొద్దన్నరు," అన్నాను.

అది నన్ను కాసేపు చూసి తన గదిలోకి వెళ్లిపోయింది. మర్నాడు నెట్‌లో పెట్టేశాం. ల్యాబ్‌లో ఆపా, పెట్టేసినారా మేడమ్ అని అడిగింది. పెట్టానన్నాను. మంచిదంది. సోల్డరింగ్ ఇనుము మొన తడి స్పాంజి మీద తుడుస్తూ ఉంది. అవసరమైనదానికన్నా చాలాసేపు తుడిచింది. ఈమెకు ఇలాంటివి పట్టవు, ఈమె తీరే అంత అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తర్వాత చాలా ఏళ్లు ఆ మాట మీదే బతికాను. పోటీలో రెండో బహుమతి వచ్చింది. వేదిక మీద పిల్లలతో పాటు నేను నిలబడ్డాను. ఆమె చివరి వరుసలో ప్రొజెక్టర్ పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది.

ఏడాది తిరక్కుండానే ఆమె భర్త నిచ్చెన మీదినుంచి పడి నడుము దెబ్బతిన్నాడు. షాపు మూసేసి ఇద్దరూ ప్రొద్దుటూరు వెళ్లిపోయారు. వీడ్కోలు సభలో నేనే మాట్లాడాను, బాగా మాట్లాడానని అందరూ అన్నారు. లోపల మాత్రం ఒక బరువు దిగినట్టుంది. ఆపా వెళ్లిపోతే నా కూతురు నాకు దొరుకుతుందనుకున్నాను. దొరకలేదు. ల్యాబ్‌కి వెళ్లడం మానేసింది, నా దగ్గరికి రావడం మొదలుపెట్టలేదు. తర్వాత తనకి కావలసిన ఇంజనీరింగ్‌లోనే హైదరాబాద్‌లో చేరింది.

ఇబ్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఆయన రెండుసార్లు అడిగాడు, ఒంట్లో బాగాలేదా అని. ఇంటికి వచ్చి కంప్యూటర్ తెరిచాను. మా పుస్తకం ఎవరెవరు తీసుకున్నారో వెతికాను. హిందీలో ఒకటి, నేపాలీలో ఒకటి, నాకు పేరు కూడా తెలియని భాషలో ఇంకొకటి. ఒకాయన బల్బులకి తోడు గంట పెట్టాడు, ఇంకొకాయన సాసర్ల బదులు తెల్ల పళ్లేలు వాడాడు. ఏం మార్చారో అందరూ నిజాయితీగా రాశారు. చివరి పేజీలో పేర్ల పట్టీని ఒక్క అక్షరం పోకుండా ఉంచారు. నిజాయితీ గల మనుషులందరూ నేను చేసిన మోసాన్ని ఎంతో జాగ్రత్తగా కాపీ చేసి పెట్టారు.

మర్నాడు శ్రావ్యకి ఫోన్ చేసి, ఆపా నంబరు ఉందా అని అడిగాను. ఉందంది. ప్రతి శుక్రవారం మాట్లాడుతుందట. ఇన్నేళ్లుగా. నా కూతురు నాకు ఆదివారం ఆదివారం పది నిమిషాలు ఫోన్ చేస్తుంది. పాత మంట లేచింది, మింగి, పేర్ల సంగతి చెప్పాను.

"నాకు అప్పుడే తెలుసమ్మా," అంది. "నువ్వే చెప్తవని చూసిన."

మిగతా ముగ్గురినీ శ్రావ్యే అడిగింది. పట్టీ మార్చడానికి అందరూ ఒప్పుకున్నారని సాయంత్రానికి చెప్పింది. ఇక ఆపాకి ఫోన్ చేయడమే మిగిలింది.

ఆమె ఏమంటుందో నేను ముందే అనుకుని ఉంచుకున్నాను. పోనీలే మేడమ్, పేరులో ఏముంది అంటుంది. నేను కాదు కాదంటాను. కుశల ప్రశ్నలయ్యాక, చెప్పాల్సింది చెప్పేసి, ఆ మాట కోసం ఎదురుచూశాను. అవతల కుక్కర్ ఈల వేసింది. ఆమె వెళ్లి స్టవ్ ఆపి వచ్చింది.

"నేను ఆ పొద్దే చూసినా మేడమ్," అంది. "మా ఇంటాయన్ని పక్కన కూర్చోబెట్టుకోని చూపిద్దామని తెరిచినా. రెండుసార్లు కిందిదాక పోయినా. యాడ నీ పేరని ఆయన అడిగినాడు. నెట్ సరిగ్గా రాలేదని చెప్పి మూసేసినా."

నేను ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"మీరు మర్చిపోయినారేమో అనుకుందామని శానా చూసినా."

"మర్చిపోలేదు ఆపా. కావాలనే పెట్టలేదు."

"తెల్సు," అంది. "పాప గురించేనా?"

అవునన్నాను. ఆమె క్షమించానని అనలేదు. ఆమె పేరు ఇప్పుడు పెడతాననీ, పాత కాపీలు మారవు గానీ ఇకమీదట తీసుకునే వాళ్లకి సరైన పట్టీ వెళ్తుందనీ, పిల్లలందరూ ఒప్పుకున్నారనీ చెప్పాను.

"పెట్టండి," అంది. "నాకు కావాల."

పూర్తి పేరు అక్షరం అక్షరం చెప్పింది. ముందు వాళ్ల నాన్న పేరులోని పొడి అక్షరం, తర్వాత తన పేరు. నేను ఒకచోట తప్పు కొడితే దిద్దింది. ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. నా కథ మధ్యలో దాన్ని వాడుకునే హక్కు నాకు లేదు.

ఎక్కడ పెట్టారని అడిగింది. నా పేరు కింద అన్నాను.

"మీ పేరుకు పైన పెట్టండి మేడమ్."

కోపం లేదు ఆ గొంతులో. ల్యాబ్‌లో పిల్లాడికి వైరు ఇటు కాదు అటు పెట్టమని చెప్పినట్టు చెప్పింది. నాకు మాత్రం ఒళ్లంతా ఒక్కసారి మండింది. ఇన్నేళ్లకి కూడా. కర్సర్ నా పేరు ముందుకు తెచ్చి నొక్కాను. నా పేరు ఒక వరుస కిందికి దిగింది. ఖాళీ అయిన చోట ఆమె పేరు పెట్టాను.

చదవమంది. చదివాను. నలుగురు పిల్లలు, ఆమె, నేను.

"ఒక్క నిమిషం ఉండండి, ఆయన్ని పిలుస్తా," అంది. కుర్చీ జరిగిన చప్పుడు, నెమ్మదిగా ఎవరో నడిచి వచ్చిన చప్పుడు వినిపించాయి. ఫోన్ స్పీకర్‌లో పెట్టినట్టుంది, గదిలో ఫ్యాన్ మోత వినబడింది.

"ఇప్పుడు చదవండి మేడమ్."

నేను మళ్లీ మొదటినుంచి చదివాను.